ఆటజట్టు యజమానికి లాభము రావలెనా?

ప్రతి వేసవిలోను మన పిల్లల నోట ఒకే ముచ్చట వినబడుచుండును. ఏ ఆటగాడు ఎన్ని కోట్లకు వేలములో పోయెను, ఏ జట్టును ఏ సంస్థ కొనెను, దాని విలువ నేడెంత అను లెక్కలు తొమ్మిదవ తరగతి బాలురకు కంఠస్థముగా నున్నవి. బారువడ్డీ లెక్కలో తడబడు పిల్లవాడు సైతము ఈ లెక్కలలో తడబడడు. తలిదండ్రులును మా కడకు వచ్చినపుడు తరచుగా ఒక ప్రశ్న వేయుచున్నారు. "ఇంత ధనము పోసి జట్టును కొనువారికి ఏమి మిగులును? ఆట మీద లాభము తీయుట న్యాయమేనా?" ప్రశ్న సబబైనదే. ఒక్క మాటలో అవునని గాని కాదని గాని చెప్పుటకు వీలులేనిది. అందుచే మాకు తెలిసినంతవరకు విషయమును వరుసగా వివరించి, పిదప మా అభిప్రాయమును మనవి చేయుదుము.

మొదట పూర్వకాలపు పద్ధతిని చూతము. మన దేశమున క్రికెట్ ఆట చాలకాలము రాజుల పోషణలో పెరిగినది. భారత జట్టునకు మొట్టమొదటి టెస్టు నాయకుడైన సి.కె. నాయుడుగారు 1895లో నాగపురమున, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించిరి. మహారాష్ట్ర గడ్డ మీద పుట్టి పెరిగిన తెలుగువారికి ఆ పేరు తలచుకొనినప్పుడెల్ల గర్వము కలుగుట సహజము. వారిని ఆదరించి ఇందూరునకు పిలిపించుకొన్నది హోల్కరు సంస్థానము. ఆ పోషణ ఫలితముగా హోల్కరు జట్టు 1945 మొదలు 1953 వరకు గల కాలములో రంజీ ట్రోఫీని నాలుగు మార్లు గెలిచినది. ఆ రాజులకు జట్టు వలన పైకము రాలేదు, పోయినది. అయినను వారు దానిని నష్టముగా నెంచలేదు. వారు కోరినది కీర్తి.

అయితే లాభము కోరని యజమాని వలన ఆటకు ఎప్పుడును మేలే జరుగునా? 1932లో భారత జట్టు ఇంగ్లండునకు పోయినపుడు పోరుబందరు మహారాజు నాయకుడు. తన ఆట చాలదని గ్రహించి, లార్డ్స్ మైదానమున జరిగిన టెస్టునకు ఆయన నాయకత్వమును నాయుడుగారికి విడిచిపెట్టెను. నాలుగేండ్ల తరువాత, 1936లో, విజయనగర మహారాజకుమారుడు నాయకుడై వెళ్ళెను. ఆయన ఆట మీద ఎంతో ధనము వెచ్చించినవాడే. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ప్రసిద్ధులను తన జట్టుతో ఆడుటకు ఇంగ్లండు నుండి రప్పించినవాడే. కాని నాయుడుగారివంటి అనుభవజ్ఞులు జట్టులో నుండగా తానే నాయకత్వము వహించెను. ఆ పర్యటనలోనే అమరనాథు వంటి మేటి ఆటగాడు మధ్యలో ఇంటికి పంపివేయబడెను. ఇద్దరును రాజవంశీయులే, ఇద్దరును డబ్బు నాశింపనివారే. ఒకరి వలన మేలును, మరియొకరి వలన కలతయు కలిగినవి. కాబట్టి లాభాపేక్ష లేకుండుట మాత్రమే గుణము కాదు. యజమాని స్వభావమును బట్టి ఆట బాగోగులు మారుచుండెననియే ఇందువలన తెలియుచున్నది. ఆయనను బంధించు నియమ మేదియు లేదు.

ఇక నేటి పద్ధతి. 2008 జనవరిలో ఐ.పి.ఎల్. పోటీలకై ఎనిమిది జట్లను వేలము వేసిరి. అన్నిటికంటె హెచ్చు ధర ముంబయిది. 11 కోట్ల 19 లక్షల డాలర్లు. హైదరాబాదు జట్టు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పోయినది. ఆ పైకమును పదేండ్ల వాయిదాలలో చెల్లింపవచ్చును. ఇచ్చట కొన్నది మైదానము కాదు, ఆటగాండ్రును కాదు. ఒక పట్టణము పేరిట పోటీలో జట్టును దింపు హక్కు మాత్రమే. 2021 అక్టోబరులో మరి రెండు హక్కులను అమ్మినపుడు లక్నో జట్టునకు 7,090 కోట్ల రూపాయలు, అహమ్మదాబాదు జట్టునకు 5,625 కోట్ల రూపాయలు ధర పలికినది.

ఆ హక్కునకు ఇంత విలువ ఎచ్చటినుండి వచ్చినది? టిక్కెట్ల వలన వచ్చునది స్వల్పమే. ముఖ్యమైన ఆదాయము ప్రసార హక్కుల వలన కలుగుచున్నది. 2022లో క్రికెట్ నియంత్రణ మండలి 2023 మొదలు 2027 వరకు అయిదేండ్ల ప్రసార హక్కులను 48,390 కోట్ల రూపాయలకు అమ్మినది. అందులో కొంత తాను ఉంచుకొని, తక్కినది జట్లకు పంచును. దీనికి తోడు చొక్కాల మీద పేరు వేయించుకొను వ్యాపారుల సొమ్ము కలదు. ఖర్చులలో పెద్దది ఆటగాండ్ర వేతనము. దానికిని హద్దు పెట్టియున్నారు. 2025 సంవత్సరపు పోటీలకు ఆటగాండ్రను వేలమున కొనుటకు ఒక్కొక్క జట్టునకు హద్దు 120 కోట్లు. ఆదాయములో ఎక్కువ భాగము ముందే నిశ్చయమై, ఖర్చునకు హద్దు ఏర్పడినపుడు, కడపట నిలిచిన జట్టునకు సైతము మిగులు కలుగుటలో వింత లేదు.

ఇచ్చట మన వృత్తికిని ఆటకును గల భేదమును గమనింపవలెను. మన షోలాపురమున దుప్పట్లు, తువాళ్ళు నేయు మరమగ్గముల ఆసాములు పలువురు. ప్రక్కవాని మగ్గములు మూతపడినచో వాని బేరము మనకు వచ్చును. ఆటలో అట్లు కాదు. ఎదుటి జట్టు మూతపడినచో మన జట్టు ఎవరితో ఆడును? ఎదుటి జట్టు మరీ బలహీనమైనను చూచువారికి ఆసక్తి యుండదు. ఓడింపవలసిన ప్రత్యర్థిని బ్రతికించుకొనవలసిన వ్యాపారమిది. అందుచేతనే జట్లన్నియు ప్రసార ధనమును పంచుకొనుటయు, వేతనములకు హద్దు పెట్టుకొనుటయు జరుగుచున్నది. ఆటను కేవలము బజారు సూత్రములతో కొలుచుటకు వీలులేదనుటకు ఇది మొదటి కారణము.

ఇంగ్లండు ఫుట్‌బాలులో ఏర్పాటు వేరు. అచ్చట పై లీగులో చివర నిలిచిన మూడు జట్లు ప్రతి సంవత్సరము క్రింది లీగునకు దిగిపోవును. దిగినచో ఆదాయము ఒక్కసారిగా పడిపోవును. ఆ భయముచే ప్రతి యజమానియు శక్తికి మించిన వేతనములిచ్చి ఆటగాండ్రను తెచ్చుకొనుచున్నాడు. అందువలన జనము మైదానమున క్రిక్కిరిసియున్నను, పెక్కు క్లబ్బులు ఏటేట నష్టపడుచున్నవి. కనుక లాభనష్టములు యజమాని తెలివిని బట్టియే గాక, లీగు కట్టుబాటును బట్టియు ఏర్పడుచున్నవని గ్రహింపవలెను.

కొందరు పెద్దలు "ఆటలో లాభమేమిటి? నష్టపడియైనను నడుపవలెను" అని అందురు. ఈ మాట వినుటకు ఇంపుగా నుండును గాని దాని ఫలితము కఠినము. ఇంగ్లండులోని బెరీ అను పట్టణపు ఫుట్‌బాలు క్లబ్బు 1885లో పుట్టినది. 1900లోను 1903లోను దేశపు ప్రసిద్ధమైన కప్పును గెలిచినది. అట్టి క్లబ్బు అప్పుల పాలై, 2019 ఆగస్టులో లీగు నుండి బహిష్కరింపబడినది. నూటికి పైబడిన సంవత్సరములు తాతలు, తండ్రులు, మనుమలు ఒకే మెట్ల మీద కూర్చుండి చూచిన ఆట ఒక్క దినమున ఆగిపోయినది.

మన తెలుగు నాటనే చూడుడు. దక్కన్ ఛార్జర్సు అను హైదరాబాదు జట్టు 2009లో ఐ.పి.ఎల్. విజేత. యజమాని సంస్థ అప్పుల చిక్కులలో పడగా, 2012 సెప్టెంబరులో నియంత్రణ మండలి దాని హక్కును రద్దు చేసెను. ఆ రద్దుపై వ్యాజ్యము ఏండ్ల తరబడి నడచినది. హైదరాబాదునకు వేరొక యజమాని, వేరొక పేరు వచ్చినవి. ఆ క్రొత్త జట్టు 2016లో గెలిచినది. ఫుట్‌బాలులో 2019లో ఏర్పడిన హైదరాబాదు క్లబ్బు 2022లో దేశపు విజేతగా నిలిచినది. ఆ పిదప రెండేండ్లకే జీతములు అందక ఆటగాండ్రు విడిచిపోయిరి. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. కప్పు గెలిచిన జట్టునకే ఈ గతి పట్టినది. రాబడికి మించి ఖర్చుచేయు జట్టు యజమాని జేబు మీద వ్రేలాడుచుండును. ఆ జేబు చిరిగిననాడు మొదట బాధపడువారు గొప్ప ఆటగాండ్రు కారు. గడ్డి కోయువాడు, బట్టలు ఉదుకువాడు, బండి నడుపువాడు, గుమాస్తా. వారి జీతమే మొదట నిలిచిపోవును. కావున నష్టము పుణ్యము కాదు. జట్టు తన రాబడిలో తాను బ్రతుకవలెను.

మరి లాభమే పరమార్థమైనచో నేమగును? అమెరికాలో బ్రూక్లిన్ అను పేటకు డాడ్జర్సు అను బేసుబాలు జట్టు ఉండెను. ఆ పేటవారు దానిని ఇంటిబిడ్డవలె చూచుకొనిరి. 1955లో అది దేశపు విజేత యైనది. రెండేండ్లకే యజమాని మరింత విశాలమైన మైదానమును, మరింత రాబడిని ఆశించి 1957 పోటీల పిదప దానిని ఖండము ఆవలి అంచున గల లాస్ ఏంజిల్సునకు తరలించెను. ఆయన చట్టమును మీరలేదు. వ్యాపారమునకు అది లాభసాటి పనియే యైనది. కాని బ్రూక్లిన్ ప్రజలు కోల్పోయినదానిని లెక్క వ్రాయు చిట్టా ఏదియు లేకపోయెను.

ఇంగ్లండులో మాంచెస్టరు యునైటెడ్ క్లబ్బును 2005లో ఒక అమెరికా కుటుంబము కొనినది. కొనుటకు తెచ్చిన అప్పులో పెద్ద భాగమును క్లబ్బు మీదనే వేసిరి. అనగా మన మగ్గమును ఒకడు అప్పు చేసి కొని, ఆ అప్పు వడ్డీని మగ్గము సంపాదన నుండియే కట్టించినట్లు. టిక్కెట్టు కొన్నవాని పైకము ఆటకు గాక వడ్డీకి పోవుచుండెనని అభిమానులు ఆందోళన చేసిరి. 2021 ఏప్రిలులో యూరపులోని 12 పెద్ద క్లబ్బులు, ఓడినను తాము దిగిపోనక్కరలేని ప్రత్యేకమైన లీగును స్థాపింతుమని ప్రకటించెను. ప్రజలు వీధులకెక్కిరి. మూడు దినములలో ఇంగ్లండు క్లబ్బులు ఆరును వెనుకకు తగ్గినవి.

కలకత్తాలోని మోహన్ బగాన్ క్లబ్బు 1889లో పుట్టినది. 1911లో ఆంగ్లేయ సైనికుల జట్టును ఓడించి షీల్డు గెలిచినది. 2020లో దాని ఫుట్‌బాలు విభాగము ఒక వ్యాపార సంస్థ జట్టుతో కలిసి, ఆ జట్టు పేరు ముందు చేరినది. అభిమానులు దానిని సహింపలేదు. 2023లో ఆ పేరు తొలగింపబడినది. వాటాలు ఎవరివైనను పేరు ప్రజలదే అని వారు నిరూపించిరి.

ఈ రెండు అంచులకు నడుమ బాటలు కలవా? కలవు. అమెరికాలో గ్రీన్ బే అను సుమారు లక్ష జనాభా గల చిన్న పట్టణమున పాకర్సు అను ఫుట్‌బాలు జట్టు కలదు. 1923 నుండి అది ప్రజల వాటాలతో నడచుచున్నది. వాటాదారులు నేడు 5 లక్షలకు పైబడియున్నారు. ఆ వాటాకు లాభాంశము లేదు. లాభమునకు దానిని తిరిగి అమ్ముటకును వీలులేదు. 2021-22లో ఒక వాటాను 300 డాలర్లకు అమ్మిరి; జనము కొనిరి. జట్టునకు మిగులు కలుగుచునే యున్నది. కాని ఆ మిగులు ఎవరి ఇంటికిని పోదు. మైదానమునకు, ఆటకు, ధర్మకార్యములకు పోవును. జట్టు తన వార్షిక లెక్కలను ప్రకటించుచున్నది. అందుచేతనే మహానగరముల జట్లు ఊళ్ళు మారినను, ఆ చిన్న పట్టణపు జట్టు కదలలేదు.

జర్మనీలో 1998 నుండి క్లబ్బులు కంపెనీలుగా ఏర్పడవచ్చును. అయితే ఓట్లలో సగము కంటె ఒకటి ఎక్కువ సభ్యుల సంఘము చేతనే ఉండవలెనని కట్టుబాటు కలదు. కొన్ని మినహాయింపులున్నను, ధనికుడు సొమ్ము పెట్టవచ్చును గాని పెత్తనము పూర్తిగా కొనలేడు. ఇంగ్లండులో సైతము 19వ శతాబ్ది చివర వాటాదారులకు నూటికి 5 కంటె లాభాంశము ఈయరాదని నియమించిరి. 1983లో టాటెన్‌హామ్ క్లబ్బు పైన ఒక మాతృసంస్థను నెలకొల్పి, ఆ నియమమును తప్పించుకొని వాటాల బజారున ప్రవేశించినది. దారి తెలిసిన పిదప ఇతరులును అనుసరించిరి. తుదకు 2025లో అచ్చట క్రొత్త శాసనము చేసి, క్లబ్బుల ఆర్థిక క్రమమును చూచుటకును, మైదానములను తోచినట్లు అమ్ముకొనకుండ కాపాడుటకును ఒక స్వతంత్ర అధికారిని ఏర్పరచిరి.

సభ్యుల చేత నున్నంత మాత్రమున అంతయు బాగుండునని తలపరాదు. స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్బు సభ్యులదే. అధ్యక్షుని సభ్యులే ఎన్నుకొందురు. అయినను ఎన్నికలలో గొప్ప ఆటగాండ్రను తెచ్చెదమని వాగ్దానములు, తెచ్చిన పిదప అప్పులు. 2021 నాటికి అప్పు 100 కోట్ల యూరోలకు మించినది. బాల్యము నుండి అచ్చటనే పెరిగిన మెస్సీని లీగు వేతన నియమములకు లోబడి నిలుపుకొనలేక ఆ సంవత్సరమే విడువవలసి వచ్చినది. కనుక యజమాని ఒక్కడైనను, లక్షమందియైనను లెక్క లెక్కయే.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి మా అభిప్రాయము మనవి చేయుదుము. మిగులు వేరు, లాభము వేరు. మన పాఠశాలను నడుపు సంఘమునే చూడుడు. సంవత్సరాంతమున పద్దులో కొంత మిగిలినచో సంతోషింతుము. ఆ పైకము బల్లలకు, పైకప్పునకు, బీదపిల్లల పుస్తకములకు పోవును గాని సభ్యుల జేబులోనికి పోదు. మిగులక అప్పు మిగిలినచో బడియే మూతపడును. ఆటజట్టునకును ఇట్టి మిగులు తప్పనిసరి. అందుమీద, సొమ్ము పెట్టి కష్టనష్టములకు ఓర్చిన యజమాని న్యాయమైన ప్రతిఫలము పొందుటయు తప్పు కాదు. అయితే ఆయన నాలుగు బాకీలు తీర్చిన పిదపనే దానిని ముట్టవలెను. పనివారి జీతములు మొదటి బాకీ. లెక్కలు బహిరంగముగా ఉంచుట రెండవది. పట్టణమును, పేరును, మైదానమును ప్రజల నడుగక మార్చకుండుట మూడవది. తన రాబడిలో కొంత పల్లెలలోను పేటలలోను పిల్లలాడు ఆటకు తిరిగి ఇచ్చుట నాలుగవది. ఈ నాలుగింటిని యజమాని మంచితనమునకు విడువక, కట్టుబాటుగా వ్రాయవలెను. పోరుబందరు వంటివారు అన్ని కాలములలోను దొరకరు.

ప్రజల అభిమానము జట్టునకు మూలధనము. ఆ మూలధనమును పెట్టినవారికి వాటాపత్రము లేదు. 2025 జూన్ 4న బెంగుళూరులో విజయోత్సవము చూడవచ్చిన జనములో, చిన్నస్వామి క్రీడాప్రాంగణము వెలుపల తొక్కిసలాట జరిగి 11 మంది మరణించిరి. వారు ఆ జట్టు వలన ఒక్క రూపాయి ఆశించినవారు కారు. ఇట్టి అభిమానము ఆధారముగా ఆర్జించువారందరికిని దానిని భద్రముగా కాపాడు బాధ్యత కలదని ఆ దినము చెప్పుచున్నది.

తలిదండ్రులకు ఇందుండి ఏమి ప్రయోజనము? మొదటిది, ఒక లెక్క. ఐ.పి.ఎల్.లో పది జట్లు. జట్టునకు హెచ్చుగా 25 మంది. వెరసి 250 మంది. అందులోను జట్టునకు ఎనిమిదిమంది వరకు విదేశీయులు ఉండవచ్చును. దేశమంతటికిని మిగులు స్థానములు రెండువందల లోపే యనుకొనవచ్చును. కూలి డబ్బులు కూడబెట్టి శిక్షణశాలలకు వేలు చెల్లించు ముందు ఈ లెక్కను ఇంటిలో కూర్చుండి వేయుడు. పిల్లవానిని ఆడనీయుడు; కాని వాని చదువును వేలమునకు పెట్టకుడు. రెండవది, పందెము. ఆట పేరిట ఫోనులో డబ్బు పందెములు కాయించు వ్యాపారమును 2025 ఆగస్టులో చేసిన కేంద్ర శాసనము నిషేధించినది. శాసనము వచ్చినను ఇంటిలోని కన్ను మూతపడరాదు.

మూడవది మన బడికి సంబంధించినది. కిందటి సంవత్సరము ఒక వర్తకుడు మన ఖో-ఖో బాలికలకు చొక్కాలు, బూట్లు ఇచ్చెదనని, వాని మీద తన దుకాణము పేరు పెద్ద అక్షరములతో ఉండవలెనని కోరెను. సంఘమువారు ఆలోచించి, దానమును స్వీకరింతుమనియు, దాత పేరు ఈ సంచికలో కృతజ్ఞతతో అచ్చువేయుదుమనియు, చొక్కా మీద మాత్రము బడి పేరే తెలుగులో ఉండుననియు తెలిపిరి. ఆయన అంగీకరింపలేదు. బాలికలు పాత చొక్కాలతోనే ఆడిరి. ఇది సరియైన నిర్ణయము కాదని కొందరు తలిదండ్రులు మాతో అనిరి. బూట్లు లేక కాలికి రాయి తగిలిన బాలిక తల్లి మాటకు మా వద్ద తగిన జవాబు లేదు. అయినను పిల్లల వీపు ప్రకటన పలక కారాదని మేము నమ్ముచున్నాము. బూట్లు కావలెననుటయు అంతే నిజము. కాబట్టి గ్రీన్ బే పట్టణమువారి వలె మనమే వాటాదారుల మగుదము. ఇంటికి నెలకు పది రూపాయలు చాలును. లాభాంశము లేదు, తిరిగి అమ్ముటకు లేదు. ప్రతి మూడు నెలలకు పద్దును బడి గోడ మీద అంటింతుము.

ఇందులకు మీ సమ్మతిని తరగతి ఉపాధ్యాయుల కడ తెలుపవలసినదిగా ప్రార్థించుచున్నాము. ఈ సంవత్సరపు జిల్లా పోటీలు డిసెంబరులో జరుగును. అంతకు ముందే పన్నెండు జతల బూట్లు కొనవలసియున్నది.